నంద్యాల - ఆళ్లగడ్డ సీమలో దేవమాన్యములు

దేవాలయములకు రాజులొసగిన మాన్యములను గూర్చి వ్రాయువారు సాధారణముగా దాతల పేర్లను, శకవర్షములను, పొలిమేరలను ఎత్తి చూపి ఊరకుందురు. రాజు దేవునకు సమర్పించినది భూమియా, లేక ఆ భూమిపై తనకు రావలసిన పన్నా అను ప్రశ్నను వేయువారు తక్కువ. తరువాతి కాలమున దేవాలయముల స్థితియు, మాన్యపు భూములను దున్నిన కాపుల స్థితియు ఈ ప్రశ్నకు లభించిన సమాధానమును బట్టియే నిర్ణయింపబడినవి. కుందేటి పరిసరములు దీనిని పరిశీలించుటకు మిక్కిలి అనువైనవి.

ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబలమునకు శ్రీకృష్ణదేవరాయలు 1515లో వచ్చి, నరసింహస్వామిని సేవించి, ఆభరణములతోపాటు ఒక గ్రామమును గూడ సమర్పించెను. కళాపూర్ణోదయమును అంకితమందిన కృష్ణమరాజు పుట్టిన నంద్యాల ప్రభువుల దానశాసనములును ఈ సీమలో గలవు. విజయనగర కాలపు దానశాసనములలో సర్వమాన్యమను మాట తఱచుగా కానవచ్చును. నిధి, నిక్షేపము, జలము, పాషాణము మొదలుగాగల అష్టభోగములు దానిని వెన్నంటి వచ్చును. ఈ మాటల ఆర్భాటమును తొలగించి చూచినచో జరిగినది ఇది: కాపు మునుపటివలెనే దున్నుకొనును, రాజునకు చెల్లింపవలసిన భాగమును దేవుని భాండారమునకు చెల్లించును. అతనికి పన్ను తగ్గలేదు. పన్ను పుచ్చుకొనువాడు మాత్రమే మాఱెను. కావున నేడు మనము వేఱువేఱుగా నెంచు పన్ను మినహాయింపు, ప్రభుత్వ ధనసహాయము అనునవి ఆనాడు ఒకే వస్తువునకు రెండు పేర్లు. లెక్క యడుగుటకు శాసనాంతమందలి శాపవాక్యమే దిక్కు. గంగాతీరమున గోవును చంపిన పాపమునకు మించిన తనిఖీ మఱి యేది?

శాపము అన్నివేళల పనిచేయదు. ఇబ్రహీం కుతుబ్ షా సేనలు హండె నాయకులతో గూడి అహోబలమును కొల్లగొట్టి ఐదాఱేండ్లు చేతబట్టుకొనగా, కొండ్రాజు వేంకటరాజు మొదలగువారు వారిని తఱిమి దేవస్థానమును మరల నిలిపిన సంగతి అచ్చటి 1584 నాటి శాసనమువలన తెలియుచున్నది. మాన్యము చంద్రార్కస్థాయి యనుట వాడుకయే కాని, అది దాత వంశపు కత్తి యెంతకాలము నిలుచునో అంతకాలమే నిలుచునది.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి అప్పగించినప్పుడు ఈ చిన్న సీమ మూడు ముక్కలయ్యెను. కోయిలకుంట్ల ఆంగ్లేయుల వశమయ్యెను. నంద్యాలయు, ఆళ్లగడ్డ యున్న సిరివెళ్ల సీమయు 1839లో గులాం రసూల్ ఖాను పదచ్యుతుడగువఱకు కర్నూలు నవాబు క్రింద నుండెను. యాగంటి క్షేత్రమున్న బనగానపల్లె 1948 వఱకు ప్రత్యేక సంస్థానము. అందుచేత 1817 నాటి ఏడవ రెగ్యులేషను ననుసరించి ధర్మాదాయములపై రెవెన్యూ బోర్డు పర్యవేక్షణము కోయిలకుంట్లకు వర్తించుచుండగా, పొరుగుననే యున్న నంద్యాలకు వర్తింపలేదు. ఇచ్చట ఒక విచిత్రము గలదు. నంద్యాల కుంపిణీ పాలనలోనికి వచ్చుసరికి, క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనమును పోషింపరాదను ఆందోళన ఇంగ్లండులో ప్రబలి, కుంపిణీ దేవాలయ నిర్వహణమునుండి తన చేతిని వెనుకకు దీసికొనుచుండెను. 1863 నాటి ఇరువదవ చట్టముతో ఆ విరమణము పూర్తియైనది.

నిర్వహణమును వదలుకొన్నను పన్నును వదలుకొనలేదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను, టెయిలరు దొర ఆధ్వర్యమున, ఊరూర ఇనాములను విచారించెను. వ్యక్తుల ఇనాములను స్వల్పమైన క్విట్ రెంటు విధించి వారి సొంతము గావించెను. దేవాలయములు, మసీదులు, దర్గాల ఇనాములను మాత్రము సేవ జరుగునంతకాలము చెల్లునట్లు స్థిరపఱచి టైటిల్ డీడు లొసగెను. ఏబది సంవత్సరముల అనుభవమున్నచో మూలశాసనము లేకున్నను హక్కును అంగీకరించుట ఉదారమనియే చెప్పవలెను. కాని శాసనములలో లేని షరతు ఒకటి ఇందు ప్రవేశించెను: సేవ జరుగుచున్నదా లేదా అని నిర్ణయించువాడు ఇక సర్కారే. ఆనాటి ఫెయిరు రిజిస్టరు నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యమై నిలుచుచున్నది.

భూమియా, పన్నా అను చిక్కు అంతటితో తీరలేదు. ఒక అగ్రహార వివాదములో 1918లో ప్రివీ కౌన్సిలు, దానము పన్నునకే పరిమితమని ముందుగా ఊహింపరాదని తీర్పు చెప్పెను. ఈ తీర్పు కాపులకు ప్రతికూలమని నా అభిప్రాయము. మేల్వారము మాత్రమే దానమైనచో భూమి దున్నువానిది. భూమియే దానమైనచో అతడు కౌలుదారు. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టము ఇనాములను రైతువారీ క్రిందికి మార్చి, దేవాలయములకును పట్టాల నొసగెను. పట్టాతోపాటు సిస్తుయు వచ్చెను. పన్ను దానముగా పుట్టిన మాన్యము చివరకు పన్ను చెల్లించు సొంత భూమిగా పరిణమించినదన్నమాట!

ధనము ప్రవహించు దిక్కు గూడ తిరిగినది. 1925 మొదలు ధర్మాదాయ చట్టములు దేవాలయముల ఆదాయమునుండియే పర్యవేక్షణ వ్యయమును వసూలు చేయసాగెను. 1951 మద్రాసు చట్టమందలి ఈ చందాను శిరూరు మఠపు కేసులో సుప్రీం కోర్టు 1954లో పరిశీలించి, అది రుసుము గాదనియు, పన్నే యనియు, అట్టి పన్నును విధించు అధికారము రాష్ట్ర శాసనసభకు లేదనియు నిర్ణయించెను. మతపోషణమునకై ఎవరిని పన్ను చెల్లింపుమని నిర్బంధింపరాదను రాజ్యాంగపు 27వ అధికరణము మాత్రము అందు అడ్డు రాలేదు. ఆ ధనము సక్రమ నిర్వహణమునకే గాని మతపోషణమునకు గాదని న్యాయమూర్తులు తలచిరి. తరువాత ఆంధ్రప్రదేశములో 1966లోను, 1987లోను కొత్త చట్టములు వచ్చినవి.

అహోబలము మరల ఈ కథలో ప్రవేశించుచున్నది. అచ్చటి దేవస్థానమునకు కార్యనిర్వహణాధికారిని నియమించు హక్కు తమకు గలదని ప్రభుత్వము వాదింపగా, ఆ దేవస్థానము అహోబిల మఠమున అంతర్భాగమనియు, మఠము తమిళనాట నున్నంతమాత్రమున ఆ సంబంధము తెగిపోదనియు 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పెను. 2023 జనవరి 27న సుప్రీం కోర్టు ప్రభుత్వపు వినతిని త్రోసివేసెను. 1584 నాటి శాసనమును చదివినవారికి మఠమునకును అహోబలమునకును గల ఈ బంధము క్రొత్త సంగతి గాదు. ఆనాడును ఆలయము కొఱకు రాజును ఆశ్రయించినది మఠాధిపతియే.