దార్జో ఊరి సంతకాలు

గుత్తికోయల గూడేల్లో పనిచేసిన టీచర్లకు ఇది అనుభవమే. "మీ సొంత ఊరేది?" అని అడిగితే పెద్దవాళ్లు కాసేపు మాట్లాడరు. 2005 తర్వాత దంతెవాడ వైపు ఊళ్లు ఖాళీ అయినప్పుడు సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. అడవిలో ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో ఉంచే పద్ధతి అప్పుడు కొత్తగా పుట్టింది కాదు. దాదాపు నలభై ఏళ్ల ముందే ఈశాన్యంలో మిజో ఆదివాసుల మీద అంతకన్నా పెద్ద ఎత్తున అది నడిచింది. మన బడుల్లో ఆ సంగతి చెప్పుకునేది తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మిజో కొండలు అప్పట్లో అస్సాంలో ఒక జిల్లా. అక్కడివాళ్లూ మనలాగే పోడు కొట్టుకుని బతికినవాళ్లు. వెదురు పూస్తే కరువు వస్తుందని మన పెద్దలు అంటారు కదా, మిజోలకు అది లెక్క తెలిసిన విషయం. సుమారు 48 ఏళ్లకోసారి వెదురు పూస్తుంది, ఆ గింజలు తిని ఎలుకలు పెరుగుతాయి, తర్వాత పంట మీద పడతాయి. దాన్ని వాళ్లు మౌతామ్ అంటారు. ఈ కరువు రాబోతోందని జిల్లా మండలి 1958లోనే హెచ్చరించి అస్సాం ప్రభుత్వాన్ని సాయం అడిగింది. ఆ మాటను పట్టించుకోలేదు. 1959లో కరువు వచ్చింది. ఆకలిలో జనానికి బియ్యం చేర్చడానికి పుట్టిన సంఘమే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966 ఫిబ్రవరి 28 రాత్రి అది తిరుగుబాటు మొదలుపెట్టింది. లాల్‌డెంగా దాని నాయకుడు.

మార్చి 5న ఐజాల్ పట్నం మీద భారత వైమానిక దళం విమానాలు బాంబులు వేశాయి. తన దేశంలోని జనావాసాల మీద ప్రభుత్వమే విమానాలతో దాడి చేసిన సందర్భం ఇది. విమానాలు వెళ్లింది మనుషులనూ సరుకులనూ దించడానికేనని ఢిల్లీ చెప్పింది. ఖాసీ కొండల నాయకులు స్టాన్లీ నికొల్స్ రాయ్, హూవర్ హిన్నీవ్‌టా స్వయంగా వెళ్లి చూసివచ్చి అసలు సంగతి బయటపెట్టారు. నికొల్స్ రాయ్ అస్సాం శాసనసభలోనే మాట్లాడారు. ఒక తెగ బాధను మరో తెగవాళ్లు సభలో చెప్పారన్నది మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత 1967 జనవరిలో 'గ్రూపింగ్' మొదలైంది. తిరుగుబాటుదారులకు అన్నం, ఆశ్రయం దొరకకూడదని ఊళ్లకు ఊళ్లే ఎత్తివేసి, రోడ్డు పక్కన కంచె వేసిన కేంద్రాల్లో జనాన్ని పెట్టారు. మలయాలో బ్రిటిష్ సైన్యం నడిపిన పద్ధతే ఇది. మొదటి విడతలో 106 ఊళ్లను 18 కేంద్రాల్లోకి చేర్చారు. మొత్తం మీద 764 ఊళ్లలో 516 ఊళ్లు 110 కేంద్రాలకు కుదించుకుపోయాయి. జనాభాలో దాదాపు 80 శాతం మంది ఇల్లు వదిలారు. కాగితాల మీద వాటి పేరు 'రక్షిత, ప్రగతిశీల గ్రామాలు'. లోపల కర్ఫ్యూ, గుర్తింపు కార్డు, చేనికి వెళ్లాలంటే అనుమతి, లెక్కపెట్టి ఇచ్చే బియ్యం. పోడు చేలు దూరమయ్యాయి. తన కొండ మీద తాను పండించుకున్న మనిషి రేషను వరుసలో నిలబడ్డాడు.

ఊరు ఎలా ఖాళీ చేయించారో చెప్పిన సాక్ష్యం ఒకటి ఉంది. అది బాధితులది కాదు, ఆ పని చేసిన సైనికాధికారిది. మిజో కొండల్లో పనిచేసిన ఐఏఎస్ అధికారి విజేంద్ర సింగ్ జాఫా 1999లో దాన్ని ప్రచురించారు. ఊరి పేరు దార్జో. కలిగిన ఊరు. జనం మోయగలిగింది మోసుకుని, తమ ఇళ్లకు తామే నిప్పు పెట్టాలని ఆజ్ఞ. మోయలేని ధాన్యాన్ని తగలబెట్టాలి. రాత్రయినా ఎవరూ బయటికి రాలేదు. సిపాయిలు ఇళ్లలో దూరి బయటికి పంపారు. అప్పుడూ ఎవరూ నిప్పు పెట్టలేదు. చివరికి ఆ అధికారే కాగడా ముట్టించి ఒక ఇల్లు అంటించాడు. మిగతావి సిపాయిలు అంటించారు. ఆడవాళ్లు ఏడుస్తూ శపించారు. మగవాళ్లు మాత్రం నోరు విప్పలేదు. మండుతున్న ఇంట్లోకి ఒక చిన్న పిల్ల పరుగెత్తి తన పిల్లికూనను ఎత్తుకొచ్చింది. అందరినీ చీకట్లో నడిపించి హ్నాథియాల్ కేంద్రానికి చేర్చారు.

తర్వాత జరిగిందే మాకు అన్నిటికన్నా బరువుగా తోచింది. ఊరి మండలి అధ్యక్షుణ్ణి, పెద్దలను పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టారు. తిరుగుబాటుదారుల బాధ పడలేక తామే ఇక్కడికి తీసుకురమ్మని కోరుకున్నామని ఒకదానిలో ఉంది. తమ ఊరిని తామే కాల్చుకున్నాం, సైన్యం బలవంతం చేయలేదు అని రెండోదానిలో ఉంది. పెద్దలు ఒప్పుకోలేదు. గంట తర్వాత ఒక్కొక్కరినే పిలిచారు. బల్ల మీద గుళ్లు నింపిన రివాల్వర్, మూలన తుపాకులు పట్టుకున్న ఇద్దరు. అందరూ సంతకం పెట్టారు. వాళ్లు ఫిర్యాదు చేస్తే తాను చిక్కుల్లో పడేవాణ్ణని ఆ అధికారే చెప్పాడు.

కొట్టడం, ఇళ్లు కాల్చడం, ఆడవాళ్ల మీద అత్యాచారాలు ఇవన్నీ ఆ కాలంలో జరిగాయని మిజోలు చెబుతారు. ఆ రోజులను వాళ్లు 'రామ్‌బువాయ్', అంటే కల్లోల దేశం అంటారు. తిరుగుబాటుదారులూ తమ వాళ్లనే చంపిన సంఘటనలు ఉన్నాయి, దాన్నీ దాచకూడదు. అయితే సైనికుడి వెనుక చట్టం ఉంది. 1958 నాటి సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా అతని మీద కేసు నడవదు. ఊరివాళ్ల వెనుక ఉన్నది ఆ సంతకం ఒక్కటే, అదీ వాళ్లకు ఎదురు సాక్ష్యం. 1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడు మిజోరం రాష్ట్రమైంది. ఆడవాళ్లు తమకు జరిగింది నోరు తెరిచి చెప్పడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కాగితాలే చరిత్ర అనుకుంటే దార్జో తనను తాను కాల్చుకున్న ఊరు. అబద్ధం కూడా ఫైలులో చక్కగా ఉంటుంది, కింద మన పెద్దల సంతకాలతో ఉంటుంది. ఈ సంగతి మనకు కొత్త కాదు. గ్రామసభ తీర్మానం అంటూ ఖాళీ కాగితం మీద వేలిముద్రలు అడిగిన రోజులు మన గూడేల్లోనూ ఉన్నాయి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మాట ఇచ్చాయి. ఆ మాట మనదిగా ఉండాలంటే కాగితంలో ఏముందో చదివి వినిపించేవాళ్లు ఊరిలో ఉండాలి.

చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేది ఇదే. సంతకం ముందు అందరికీ వినపడేలా మన భాషలో చదవండి. టీచర్లు ఈ ఏడు పిల్లల చేత ఒక పని చేయించండి. ఊరు మారిన ప్రతి ఇంటి ముసలమ్మనూ ముసలయ్యనూ కూర్చోబెట్టి పాత ఊరి పేరు, వదిలిన కాలం, ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, ఏం మిగిలింది అన్నవి నోటుపుస్తకంలో రాయించండి. చెప్పడానికి ఇష్టపడనివాళ్లను బలవంతం చేయవద్దు. దార్జోలో జరిగింది మనకు తెలిసింది ఆ అధికారి నోరు విప్పబట్టి. మన ఊళ్ల సంగతి మనమే రాసి పెట్టుకుందాం.