1906లో 39 నిమిషాల గొడవ: సమయపాలనకూ ఒక చరిత్ర ఉంది

ఎస్సే పేపర్‌లో సమయపాలన మీద టాపిక్ వస్తే మనలో చాలామంది ఒకే దారిలో వెళ్తాం. జపాన్ రైళ్లు, స్విస్ గడియారాలు, ‘ఇండియన్ టైమ్’ మీద ఒక జోకు, చివర్లో క్రమశిక్షణ గురించి రెండు వాక్యాలు. ఈసారి అదే అంశాన్ని చరిత్ర వైపు నుంచి చూద్దాం. ఒకరిని ‘ఆలస్యం’ అనాలంటే ముందు ఒక గడియారం ఉండాలి. ఆ గడియారం ఎవరిది?

నేను ఉండేది తుష్నాబాద్‌లో. దక్షిణ అండమాన్, ఫెరార్‌గంజ్ తహసీల్. ఇక్కడ నిలబడి చూస్తే ఈ ప్రశ్న తేలిగ్గా అర్థమవుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మీర్జాపూర్ అని మనం బట్టీపట్టే ఆ రేఖ, దక్షిణానికి వచ్చి తుని ప్రాంతం మీదుగా బంగాళాఖాతంలోకి దిగుతుంది. మా దీవి సుమారు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క వేయండి. తునిలో సూర్యుడు నడినెత్తికి రావడానికి దాదాపు 40 నిమిషాల ముందే ఇక్కడ మిట్టమధ్యాహ్నం అయిపోతుంది. గోడ గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఊరు మారింది, పొద్దు మారింది, గడియారం మాత్రం మారలేదు.

గడియారానికి ముందు

గడియారం రాకముందు మనవాళ్లకు సమయం పట్టింపు లేదనుకుంటే పొరపాటు. అడుగున సన్నని చిల్లు ఉన్న గడియకుడుకను నీళ్లమీద వదిలి, అది మునిగితే ఒక గడియ అని లెక్కపెట్టేవారు. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. కాకపోతే రోజు సూర్యోదయంతో మొదలయ్యేది కాబట్టి ఏ ఊరి కాలం ఆ ఊరిదే. ఆ అలవాటు ఇంకా పోలేదు. పెళ్లి శుభలేఖలో ముహూర్తం నిమిషాలతో సహా వేస్తాం, జీలకర్ర బెల్లం ఆ నిమిషానికే పెట్టిస్తాం. అదే శుభలేఖలో విందు 7 గంటలకని ఉంటే ఎనిమిదిన్నరకు వెళ్తాం. మనుషులు వాళ్లే. దేనికి ఏ కాలం వర్తిస్తుందో అందరికీ తెలుసు, అంతే.

అండమాన్ ఆదివాసుల లెక్క ఇంకో రకం. 1906–08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ తన పుస్తకంలో ఒక విషయం రాశారు. అడవిలో ఒకదాని తర్వాత ఒకటి పూసే పూల పేర్లతో వాళ్లు సంవత్సరంలోని కాలాలను గుర్తించేవారట. అంటే వాసనతో నడిచే పంచాంగం. తేనె ఎప్పుడు తీయాలో తెలియడానికి అది చాలు.

1906లో ఏం జరిగింది?

అంతకుముందు మన రైళ్లు మద్రాసు కాలం మీద నడిచేవి. మద్రాసు అబ్జర్వేటరీ లెక్కించిన ఆ కాలం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయి కాలం 4 గంటల 51 నిమిషాలు, కలకత్తా కాలం 5 గంటల 53 నిమిషాలు ముందుండేవి. 1906 జనవరి 1న ప్రభుత్వం ఐదున్నర గంటల ప్రామాణిక కాలాన్ని తెచ్చింది. మద్రాసుకు తేడా 9 నిమిషాలే కాబట్టి పెద్దగా ఇబ్బంది రాలేదు. బొంబాయి గడియారాన్ని మాత్రం 39 నిమిషాలు ముందుకు తిప్పాలి. మిల్లు కార్మికులకు దాని అర్థం, పొద్దును బట్టి చూస్తే 39 నిమిషాలు ముందే పనిలోకి రావడం. వాళ్లు నిరసనకు దిగారు. మునిసిపల్ కార్పొరేషన్ కూడా ఎదురుతిరిగింది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు సొంత కాలాన్ని పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు అండమాన్ వైపు చూడండి. ఇక్కడి తేడా కూడా దాదాపు అంతే, దిశే వేరు. కానీ ఇది 1858 నుంచి ఖైదీల స్థావరం. సెల్యులార్ జైలు కట్టడం పూర్తయిందీ ఆ 1906లోనే. పొద్దున ఎప్పుడు లేవాలో, గానుగ ఎంతసేపు తిప్పాలో అధికారులు నిర్ణయించే చోట, గడియారం గురించి తీర్మానం చేసే కార్పొరేషన్ ఎక్కడిది? బొంబాయి బేరమాడగలిగింది, ఇక్కడివాళ్లకు ఆ అవకాశమే లేదు. నా దృష్టిలో ఈ వ్యాసం సారాంశం ఇదే: సమయపాలన ఒక ఒప్పందం. ఆ ఒప్పందం రాసేటప్పుడు ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అన్నదే చరిత్ర.

ఇంగ్లండ్ కార్మికుల విషయంలో చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1967 నాటి ప్రసిద్ధ వ్యాసంలో దాదాపు ఇదే చూపించారు. పని పూర్తయ్యేదాకా చేసే అలవాటున్న మనుషులను గంట కొట్టినప్పుడు వచ్చి, గంట కొట్టినప్పుడు వెళ్లేలా ఫ్యాక్టరీలు మార్చాయి. కచ్చితత్వం ఆ జాతి రక్తంలో పుట్టింది కాదు. తరాల తరబడి జరిమానాలతో, బడి గంటలతో నేర్పించింది.

ఇప్పటి సంగతి

2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు రెండు కాలమండలాలు ప్రతిపాదించారు. ఈశాన్య రాష్ట్రాలకు, అండమాన్ నికోబార్‌కు ఆరున్నర గంటల కాలం ఉండాలన్నారు. పొద్దు వెలుగు వృథా కాదు, కరెంటు ఆదా అవుతుంది అన్నది వాదన. రైలు ప్రమాదాల భయం, పాలనలో గందరగోళం అన్నవి ఎదురు వాదనలు. అస్సాం తేయాకు తోటల్లో ఒక గంట ముందుండే ‘బాగాన్ టైమ్’ ఎప్పటి నుంచో ఉంది. అంటే అవసరం ఉన్నచోట జనం తమ ఒప్పందం తామే రాసుకున్నారు.

అలాగని కచ్చితమైన వేళలన్నీ పెత్తనమే అనకండి. జిర్కాటాంగ్ దాటి జారవా అడవిలోంచి వెళ్లే వాహనాలను నిర్ణీత వేళల్లో, ఎస్కార్టుతో, గుంపుగానే పంపుతారు. ఆ నియమం మన సౌకర్యం కోసం పెట్టింది కాదు, గడియారంతో పనిలేని జారవాల రక్షణ కోసం. అక్కడ వేళ పాటించడమంటే వాళ్లను గౌరవించడం.

కాబట్టి ఆన్సర్ రాసేటప్పుడు ‘పాశ్చాత్యులు కచ్చితం, మనం బద్ధకం’ అన్న వాక్యం దగ్గర పెన్ను ఆపండి. అక్కడ ఎవరి గడియారం, ఎవరి అవసరం అని అడిగి చూడండి. ప్రాక్టీస్ కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను, 250 పదాల్లో రాయండి: ‘ఒకే దేశానికి ఒకే కాలం ఐక్యతకు చిహ్నమా, అంచుల్లో ఉన్నవారిపై భారమా? చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.’