మాట వెనుక కథ: ప్రతిభ

‘భా’ అంటే ప్రకాశించడం. భానుడు, ఆభ, ప్రభ ఆ ధాతువు నుంచి వచ్చినవే. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి కోనసీమ ఊళ్లవాళ్లు భుజాలమీద మోసుకెళ్లే ప్రభల్లోనూ అదే ఉంది. ‘భా’కు ముందు ‘ప్రతి’ చేరితే ప్రతిభ: మనసుకు ఎదురుగా తళుక్కుమని తోచడం. కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం కావాలన్నారు ఆలంకారికులు. చదువు వ్యుత్పత్తి, సాధన అభ్యాసం. ఎప్పటికప్పుడు కొత్తగా తోచే బుద్ధి ప్రతిభ. అంటే అది ఎంత వచ్చునన్న లెక్క కాదు, ఎలా కనబడుతోందన్న సంగతి.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడి బొమ్మలు చూసి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకొనే దారి చూపాడు. అక్కడ పాశ్చాత్య పద్ధతి నేర్చినా, రామారావు బొమ్మల్లో గోదావరీ, తెలుగు మనుషులూ నిలిచారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది.

ఇప్పుడు ‘ప్రతిభా పురస్కారం’ అంటే మార్కులకిచ్చే బహుమతి. ‘విభిన్న ప్రతిభావంతులు’ అన్న సర్కారీ మాట వికలాంగులకు వాడుక. ‘విభిన్న’ అని విడిగా చెప్పనక్కర్లేదు. ఏ ఇద్దరికీ ఒకేలా తోచనిదే ప్రతిభ.