పుట్టినరోజుకి 'థీమ్' ఎప్పుడు మొదలైంది? కత్తెర, జిగురు, పాట, కేకుల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు, యుద్ధాలు ఏమీ లేవు. చిన్నపిల్లల పుట్టినరోజు గురించి మాట్లాడుకుందాం. దీనిలో చరిత్ర ఏముంది అనుకుంటున్నారేమో, చాలా ఉంది. ఆ చరిత్ర వెతకడానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక గొడవ. ముందు అది చెప్తాను.

మా అక్క కూతురికి మూడేళ్ళు నిండబోతున్నాయి. ఇంట్లో చిట్టి అని పిలుస్తాం. మొదటి పుట్టినరోజుకి మా బావ హాలు బుక్ చేశాడు. అడవి థీమ్. గేటు దగ్గర ఏనుగు, స్టేజీ మీద జిరాఫీ, బెలూన్ల ఆర్చీ, ఎల్ఈడీ గోడ, డ్రోన్ వీడియో. ఆ ఖర్చుకి తీసుకున్న అప్పు ఇంకా తీరలేదు, నెలనెలా కిస్తీ కడుతూనే ఉన్నాడు. పోనీ చిట్టికి ఏమైనా గుర్తుందా అంటే, ఏడాది పిల్లకి ఏం గుర్తుంటుంది? ఒక బెలూన్ పేలితే గుక్కపట్టి ఏడ్చింది, అమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. కేకు కోసింది పెద్దవాళ్ళే.

ఈసారి నేను పెద్ద మాట అనేశాను. "అక్కా, ఇంట్లోనే చేసేద్దాం. అట్టపెట్టెలు, రంగు కాగితాలు చాలు. పాతకాలంలో అందరూ అలాగే చేసుకున్నారు కదా" అని. అక్క నా వైపు చూసి ఒకటే ప్రశ్న వేసింది: "చేసేది ఎవర్రా?"

నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

మొదట ఒక విషయం క్లియర్ చేసుకుందాం. పుట్టినరోజు జరుపుకోవడం కొత్తేమీ కాదు. సుమారు రెండున్నర వేల ఏళ్ళ క్రితం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పర్షియన్ల గురించి రాస్తూ, వాళ్ళు అన్ని రోజుల్లోకీ పుట్టినరోజునే ఎక్కువగా జరుపుకుంటారని చెప్పాడు. డబ్బున్నవాళ్ళు ఎద్దునో, గుర్రాన్నో, ఒంటెనో మొత్తంగా కాల్చి వడ్డించేవాళ్ళట. అంటే పుట్టినరోజున గొప్ప చూపించుకోవడం అప్పుడే ఉంది. ఎల్ఈడీ గోడ బదులు ఒంటె, అంతే తేడా.

కానీ అది పెద్దవాళ్ళ పండగ. పిల్లల పుట్టినరోజు అనే ప్రత్యేకమైన పండగ, అందులోనూ కేకు మీద కొవ్వొత్తులు పెట్టడం, చాలామటుకు జర్మనీ నుంచి వచ్చింది. 1746లో జింజెండార్ఫ్ అనే ఒక జర్మన్ ప్రభువు పుట్టినరోజు చూసినవాళ్ళు రాసిన వర్ణన ఒకటి ఉంది. పొయ్యిలో పట్టేంత పెద్ద కేకు చేసి, ఆయన వయసు ఎంతో అన్ని రంధ్రాలు పెట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో కొవ్వొత్తి నిలబెట్టారట. మధ్యలో ఇంకొకటి అదనం. తర్వాత తర్వాత ఈ పద్ధతి జర్మన్ ఇళ్ళలో పిల్లల పండగ అయింది, అక్కడి నుంచి వలస వెళ్ళినవాళ్ళతో పాటు అమెరికాకీ చేరింది.

సరే, కేకు వచ్చింది, కొవ్వొత్తి వచ్చింది. మరి కత్తెర, జిగురు ఎక్కడివి?

దీనికి కూడా జర్మనీకే వెళ్ళాలి. ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. అప్పట్లో పసిపిల్లలకి చదువు అంటే ఎక్కువగా అక్షరాలు వల్లెవేయించడమే. ఈయన మాత్రం వాళ్ళ చేతికి బంతులు, చెక్క దిమ్మలు ఇచ్చాడు. కాగితం మడవడం, కత్తిరించడం, కాగితపు పట్టీలు చాపలా అల్లడం, మట్టితో బొమ్మలు చేయడం నేర్పించాడు. పిల్లలు చేతులతో చేస్తేనే బుర్ర పనిచేస్తుంది అనేది ఆయన ఆలోచన. ఇవాళ మన ఎల్‌కేజీ పిల్లలు కాగితం మడిచి పడవ చేసి ఇంటికి పట్టుకొస్తే, దాని వెనక ఈయన ఉన్నాడన్నమాట.

ఇక్కడ ఒక విచిత్రం వినండి. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడుల్ని నిషేధించింది! ఈ బడుల వల్ల రాజ్యానికి ప్రమాదం అనుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రోబెల్ చనిపోయాడు. 1860లో గానీ నిషేధం ఎత్తెయ్యలేదు. కానీ ఈలోపే ఆ పద్ధతి నేర్చుకున్న టీచర్లు, ఎక్కువమంది ఆడవాళ్ళే, వేరే దేశాలకి వెళ్ళిపోయారు, అమెరికాలో కూడా బడులు తెరిచారు.

ఆ అమెరికా బడుల్లోంచే మనందరికీ తెలిసిన పాట వచ్చింది. కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ అనే ఊరు. అక్కడ ప్యాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ప్యాటీ కిండర్‌గార్టెన్ టీచర్, మిల్‌డ్రెడ్‌కి సంగీతం వచ్చు. పొద్దున్నే బడికొచ్చిన పిల్లలు పాడుకోవడానికి తేలికగా ఉండాలని ఇద్దరూ కలిసి ఒక 'గుడ్ మార్నింగ్' పాట కట్టారు. 1893లో అది పుస్తకంలో అచ్చయింది. కాలక్రమంలో అదే బాణీకి 'హ్యాపీ బర్త్‌డే' మాటలు చేరాయి. బడిలో పిల్లల కోసం ఇంట్లో కూర్చుని కట్టిన బాణీ ప్రపంచమంతా పాకింది.

తర్వాత ఏమైంది? 1935లో ఆ పాటకి కాపీరైట్ రిజిస్టర్ చేశారు. చేతులు మారి మారి అది ఒక పెద్ద సంగీత సంస్థకి చేరింది. సినిమాలో ఎవరైనా ఈ పాట పాడితే డబ్బు కట్టాల్సిందే! ఈ పాట మీదే డాక్యుమెంటరీ తీస్తున్న ఒక దర్శకురాలు 1500 డాలర్లు కట్టి, ఆ తర్వాత కోర్టుకెళ్ళింది. 2015లో ఫెడరల్ జడ్జి ఆ మాటల మీద కంపెనీకి హక్కు లేదని తీర్పిచ్చాడు. 2016లో కోటీ నలభై లక్షల డాలర్లతో కేసు సెటిల్ అయింది. ఇవాళ మనం ఫ్రీగా పాడుకుంటున్నాం.

ఎందుకు ఇంత వివరంగా చెప్పానంటే, ఈ కథ మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ఎవరో ఒకరు పిల్లల మీద ప్రేమతో చేతులతో ఒకటి తయారు చేస్తారు. కొన్నాళ్ళకి దాన్ని ఎవరో ప్యాక్ చేసి మనకే అమ్ముతారు.

ఇంకో ఉదాహరణ. 1844లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో డెన్నిసన్ అనే కుటుంబం. కొడుకు బోస్టన్‌లో నగల వ్యాపారంలో ఉన్నాడు. నగలు పెట్టే అట్టపెట్టెలు విదేశాల నుంచి తెప్పించుకోవడం ఎందుకు, మనమే చేద్దాం అన్నాడు. తండ్రి చెప్పులు కుట్టే మనిషి. ఆయన, ఆయన కూతుళ్ళు ఇంట్లో కూర్చుని చేత్తో పెట్టెలు చేశారు. ఆ ఇల్లే పెరిగి పెద్ద కాగితపు కంపెనీ అయింది. తర్వాత వాళ్ళు క్రేప్ కాగితం అమ్మడం మొదలుపెట్టారు. ముడతలు ముడతలుగా, లాగితే సాగుతుందే, అదే. కాగితం ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? అందుకే దాంతో ఏమేం చేయొచ్చో చూపించే చిన్న పుస్తకాలు వేశారు. 1909 నుంచి హాలోవీన్ పండగ కోసమే ఒక పుస్తకం వచ్చింది. గోడకి ఏం కట్టాలి, బల్ల మీద ఏం పెట్టాలి, పిల్లలకి ఏ టోపీ పెట్టాలి, అన్నీ ఒకే రంగులో, ఒకే కథలో. ఇప్పుడు మనం థీమ్ అంటున్నది ఇదే కదా! అయితే ఒక తేడా ఉంది. వాళ్ళు అమ్మింది కాగితం, చేయాల్సింది మాత్రం ఇంట్లో అమ్మే.

ఇప్పుడు ఆస్ట్రేలియాకి వెళ్దాం. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ వీడియో చూస్తుంటే హాయ్. 1980లో 'ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ' అనే పత్రిక పిల్లల పుట్టినరోజు కేకుల పుస్తకం వేసింది. వందకి పైగా కేకులు. అట్ట మీద రైలు కేకు, లోపల జెల్లీ నీళ్ళతో ఈతకొలను కేకు, బాతు కేకు. ఆ బాతు ముక్కు ఏంటో తెలుసా? ఆలూ చిప్స్! తల మీద జుట్టు పాప్‌కార్న్. ఇవన్నీ బేకరీ మాస్టర్ల కోసం రాసినవి కావు, మామూలు ఇంట్లో, మామూలు మనుషులు, అంగట్లో దొరికే వాటితో చేసేవి. ప్రతి ఏటా ఆ పుస్తకం పిల్లల చేతికిచ్చి, ఏది కావాలో ఎంచుకో అనేవారు. ఆ పుస్తకం అక్కడ ఎంత ప్రియమైనదంటే 2011లో మళ్ళీ అచ్చువేశారు.

'బ్లూయీ' కార్టూన్ చూసేవాళ్ళకి ఆ బాతు గుర్తొచ్చి ఉంటుంది. 2020లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో నాన్న తన చిన్నకూతురి కోసం బాతు కేకు చేయడానికి నానా తంటాలు పడతాడు. వంటిల్లంతా ఆగమాగం. చూడండి, చేసేది అమ్మ కాదు, నాన్న. ఈ పాయింట్ దాచుకోండి, మళ్ళీ వస్తాను.

మరి మన సంగతేంటి? మన ఇళ్ళలో పుట్టినరోజు అంటే తేదీ కాదు, తిథి, నక్షత్రం. పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, గుడి, పాయసం, పెద్దవాళ్ళ అక్షింతలు. చాలామంది పెద్దవాళ్ళకి ఇంగ్లీషు తేదీ తెలియనే తెలియదు. మా తాతయ్య పుట్టినరోజు జూలై 1. నిజంగా ఆ రోజు పుట్టాడా? కాదు, బడిలో చేర్చుకుంటూ మాస్టారు రాసేసిన తేదీ అది. మీ తాతయ్యదీ అలాగే ఉందేమో ఇంటికెళ్ళి అడగండి. దేశమంతటికీ జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది.

కానీ థీమ్ మనకి కొత్తా అంటే, అస్సలు కాదు. బొమ్మల కొలువు గుర్తు చేసుకోండి. సంక్రాంతికి, కొన్ని ఇళ్ళలో దసరాకి, మెట్లు కట్టి పాత చీర పరిచి, కొండపల్లి బొమ్మలు వరసగా పేరుస్తారు. ఒక మెట్టు మీద పెళ్ళి, ఇంకో మెట్టు మీద సంత, కింద మట్టి పోసి ఆవాలు చల్లితే పచ్చటి పొలం. అగ్గిపెట్టెలతో ఇళ్ళు, అద్దం ముక్కతో చెరువు. ఇంతకంటే థీమ్ డెకరేషన్ ఏముంటుంది? ఇక భోగి పళ్ళు చూడండి. రేగిపళ్ళు, చిల్లర నాణేలు, పూలరెక్కలు కలిపి చంటిపిల్లల తల మీద పోయడం, చుట్టుపక్కల పిల్లలు ఎగబడి ఏరుకోవడం, పేరంటాళ్ళకి శనగలు. పసిపిల్లల కోసమే ఉన్న పార్టీ అది. దిష్టి పోవాలని చేసేది, ఖర్చు గుప్పెడు చిల్లర.

ఇదంతా చదివి నేను ఉత్సాహంగా అక్క దగ్గరికి వెళ్ళాను. "చూశావా, చరిత్రంతా ఇంట్లో చేసుకున్నదే" అన్నాను. అక్క నవ్వింది. "చరిత్రలో చేసినవాళ్ళ పేర్లు చదివావుగా. ప్యాటీ, మిల్‌డ్రెడ్, ఆ చెప్పులాయన కూతుళ్ళు. బొమ్మల కొలువు కట్టింది అమ్మమ్మ. అందరూ ఆడవాళ్ళే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. మీ బావ అప్పు చేసి హాలు బుక్ చేసింది గొప్పకే కాదురా. నేను అలిసిపోయి ఉన్నానని కూడా."

ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. 'ఇంట్లో చేస్తే ఖర్చు ఉండదు' అనేది అబద్ధం. ఖర్చు ఉంటుంది, డబ్బు రూపంలో కాదు, ఎవరిదో ఒకరి నిద్ర రూపంలో. ప్యాకేజీ కొనేవాళ్ళందరూ గొప్పలకి పోయేవాళ్ళని ఇన్నాళ్ళూ నేను వెక్కిరించాను. వాళ్ళలో చాలామంది కొంటున్నది బెలూన్లు కాదు, కొంచెం విశ్రాంతి. ఆ వెక్కిరింపు నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

అందుకని ఒక ఒప్పందం కుదిరింది. చిట్టికి రైలంటే ఇష్టం. నాలుగు అట్టపెట్టెలతో రైలు. పెట్టెలు కొయ్యడం నా పని. మైదా ఉడికించి జిగురు చేయడం, తోరణాలు కట్టడం బావ పని. రంగు కాగితం ముక్కలు అంటించడం చిట్టి పని, వంకరగా అంటించినా ఎవరూ సరిచేయకూడదు. ఫ్రోబెల్ చెప్పింది అదే కదా, చేయాల్సింది పిల్లల చేతులు. పిలిచేది పదిమంది పిల్లల్నే. కేకు పక్క వీధి బేకరీలో కొంటాం, పాయసం అమ్మ చేస్తానంది. అక్క పని? ఆ రోజు కుర్చీలో కూర్చుని కూతుర్ని చూసుకోవడం.

నిన్న రాత్రి పదకొండింటికి బావ, నేను హాల్లో నేల మీద కూర్చుని చక్రాలు కత్తిరిస్తున్నాం. బావ ఉన్నట్టుండి అన్నాడు: "బావమరిదీ, అప్పుడు ఆ ఏనుగు పక్కన నిలబడి ఫోటో దిగానే గానీ, ఆ రోజు చిట్టిని ఎత్తుకున్నట్టే గుర్తులేదు." నేనేం మాట్లాడలేదు. ఇంకో చక్రం అందించాను.

ఈసారి మీ ఇంట్లో పుట్టినరోజు వస్తే, ఎంత ఖర్చు అని అడిగే ముందు 'చేసేది ఎవరు' అని అడగండి. ఆ లిస్టులో మీ పేరు కూడా ఉండాలి, ముఖ్యంగా మగపిల్లలూ. మీ చిన్నప్పుడు మీకోసం ఎవరు ఏం చేసిపెట్టారో కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, ఇంకా రెండు చక్రాలు మిగిలాయి.