పులిజూదం నుంచి డిజిటల్ బల్ల దాకా

కంప్యూటర్లతో పాటు ఆటలు కూడా అమెరికాలోనే పుట్టాయన్నట్టు మాట్లాడితే మా నెల్లూరోళ్ళకి కొంచెం చిరాకేస్తుంది. ముఖ్యంగా పాత్రధారణ ఆటల విషయంలో.

1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఆటగాడు ఒక వేషం ఎంచుకుంటాడు, దానికో కాగితం రాసుకుంటాడు, పాచికలు వేస్తూ ఆ వేషానికి కట్టుబడి ఆడతాడు. బాగుంది. కానీ 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని అందుకున్నది ఎక్కడ్నించి? విరాటపర్వం నుంచి. ఒకడు కంకుభట్టు, ఒకడు వలలుడు, ఒకడు బృహన్నల. ఎవరి వేషం వాళ్ళది, ఎవరి విద్య వాళ్ళది, బయటపడితే ఆట మళ్ళీ మొదటికి. విరాటుడు కోపంతో పాచిక పెట్టి మొహాన కొట్టినా ధర్మరాజు వేషం విప్పడు. ఇంతకంటే గట్టి ఆటగాణ్ణి చూపించండి :)

ఇది సరదా పోలికే లెండి. అసలు చరిత్ర బల్లది.

మైపాడు వైపు మా అవ్వ వాళ్ళకి బల్ల అంటే ఇసక. వేలితో గీత గీస్తే పులిజూదం తయారు. పులులకి మూడు గవ్వలు, మేకలకి పదిహేను చింతగింజలు. లేదంటే గుడి అరుగు మీద ఎప్పుడో ఎవరో చెక్కిపోయిన గళ్ళు. 23 కూడళ్ళు. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి, అన్నీ దిగేదాకా కదలవు. పులి పక్క మేక మీంచి ఖాళీ చోటుకి దూకితే మేక చచ్చినట్టు. పులుల్ని కదలనీకుండా కట్టేస్తే మేకలది గెలుపు. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్ళు ఆటలో భాగమే, వాళ్ళకి ఓటమి మాత్రం ఉండదు!

ఇక అటువైపు, 2007లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ అనే బల్ల ప్రకటించింది. 30 అంగుళాల తెర, దాని కింద ప్రొజెక్టరు, అయిదు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు. వేళ్ళనే కాదు, మీద పెట్టిన వస్తువునీ గుర్తుపడుతుంది; వస్తువు అడుగున అంటించిన చుక్కల గుర్తు ఒక బైటు, అంటే 256 రకాలు. 2009లో కార్నెగీ మెలన్ విద్యార్థులు 'సర్ఫేస్‌స్కేప్స్' పేరుతో దాని మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించి చూపించారు. బొమ్మని జరిపితే అది ఎంత దూరం వెళ్ళగలదో బల్లే వెలిగించి చూపిస్తుంది. బల్ల ధర వేల డాలర్లలో ఉండేది కాబట్టి ఇళ్ళకి రాలేదు. 2012లో పేరు పిక్సెల్‌సెన్స్ అయింది, తర్వాత కనుమరుగైంది. ఇప్పుడైతే పాత టీవీని పడుకోబెట్టి, చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ టచ్ ఫ్రేమ్ బిగిస్తే ఇంట్లోనే పనైపోతుంది.

నేను అలాంటిదే చేసి మొదట పులిజూదం ఎక్కించాను. కూడళ్ళ గ్రాఫ్ ఒక్కటే చాలదు. దూకుడు తిన్నగా ఉండాలి కాబట్టి ఏ మూడు కూడళ్ళు ఒకే గీత మీద ఉన్నాయో విడిగా రాయాలి. అది గంట పని. నిజమైన తలనొప్పి నియమాలతో. పులి ఒకే ఎత్తులో వరసగా రెండు మేకల్ని తినొచ్చా? మా అవ్వ కూడదంది. అవ్వ చెల్లెలు, పెళ్ళయి కావలి వైపు వెళ్ళినావిడ, "ఎందుకు కూడదే, మేం తినేవాళ్ళం" అంది. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు.

అరుగు మీద ఈ తగవు ఆట మొదలవకముందే మాటల్లో తేలిపోయేది. కోడులో అలా కాదు, రాసినవాడు ఒకటి ఎంచుకోవాలి. ఆ ఆప్ పదిమందికి చేరిందంటే అదే 'అసలు' ఆట అయిపోతుంది, రెండోది పోతుంది. పచ్చీసు ఇంగ్లండులో లూడోగా పేటెంటు అయ్యాక మన పిల్లలకి లూడోయే తెలిసింది కదా, అలాగన్నమాట. పైగా పాత అరుగుల మీద గ్రానైట్ పరిచిన చోట చెక్కిన గళ్ళు కూడా మిగలవు, సాక్ష్యానికి.

అందుకని నా బల్ల ఆట మొదట్లోనే అడుగుతుంది: వరస దూకుడు ఉందా, లేదా? ప్రస్తుతానికి రెండే ఊళ్ళ పద్ధతులున్నాయి. కోట, గూడూరు, ఉదయగిరి వైపు వాళ్ళు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెబితే అవీ ఎక్కిస్తాను.