గీతలు పడిన వాచీ అద్దం

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినదేదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కాకతీయుల గూర్చి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1965లో రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 2002లో రిటైరైనవాణ్ణి. నాకు బాగా తెలిసిన చరిత్ర నా ముంజేతి మీద ఉన్నంత మేరకే. అందుచేత ఒక వాచీ గూర్చి, దాని అద్దం మీద పడిన గీతల గూర్చి వ్రాస్తున్నాను. ఇంట్లో పాత వాచీ దాచుకున్న మిత్రులకు కొంత ఉపయోగపడవచ్చును.

అలకపాన్పు వాచీ

మా చిన్నతనంలో వరంగల్‌లో చేతి గడియారం ఉన్న ఇండ్లు తక్కువ. 1934లో నిజాం కాలంలో ఏర్పడిన ఆజంజాహీ మిల్లు కూతే మాకు గడియారం. ఇప్పుడు ఆ మిల్లూ లేదు, ఆ కూతా లేదు. నిమిషాలతో పని ఉన్నది కాజీపేట రైల్వేవారికే. 1929లో బల్లార్షా లైను పూర్తయి మద్రాసు - ఢిల్లీ మార్గం కలిసిన తరువాత కాజీపేట పెద్ద జంక్షనైంది. అక్కడి పాత ఉద్యోగుల దగ్గర వెస్టెండ్ వాచీలు చూచేవాళ్ళం. వకీళ్ళు, డాక్టర్ల చేతులకు ఫేవర్-లూబా ఉండేది. ఒమేగా పేరు వినడమే కాని, చూచినవారు అరుదు.

1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. కొద్ది సంవత్సరాలలోనే పెండ్లికొడుకు చేతికి హెచ్.ఎం.టి. వాచీ ఆనవాయితీ అయింది. 1968లో నా పెండ్లికి మామగారు కూడా అదే పెడతామన్నారు. నేను అలకపాన్పు మీద కూర్చుని ఒమేగా కావాలన్నాను. నాటికి నా నెల జీతం రెండు వందలు దాటదు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ప్రభుత్వోద్యోగిని, ఆ సంగతి నాకు తెలియదని అనలేను. అలక అంటే ముచ్చట కదా అని సరిపెట్టుకున్నాను. మూడు నెలల తరువాత మామగారు ఎవరి ద్వారానో బొంబాయి నుండి తెప్పించిన ఒమేగాను రుమాలులో చుట్టి తెచ్చి ఇచ్చారు. డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు.

ఏటూరునాగారం ఇసుక

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. నన్ను ఏటూరునాగారం వైపు సహాయ కార్యక్రమాలకు పంపారు. ఇప్పుడది ములుగు జిల్లా, అప్పుడు మన వరంగల్ జిల్లాయే. పడవల మీద బియ్యం బస్తాలు దింపుతూ, తడి తాళ్ళు లాగుతూ ఆరు రోజులు గడిపాము. వాచీ విప్పి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఇంటికి వచ్చి చూచుకుంటే అద్దం నిండా గీతలు. అందులో ఒకటి పన్నెండు అంకె నుండి నాలుగు దాకా లోతుగా కోసుకుపోయింది.

రెండు రోజులు ఆ వాచీనే చూచుకుంటూ నొచ్చుకున్నాను. అప్పుడు నా భార్య మెల్లగా అన్నది: "అద్దానికి గీత పడ్డదని ఇంత బాధపడుతున్నరు. ఆ వాచీ కోసం మా నాయన ఎడ్లను అమ్మిండు. ఆ యేడు కిరాయి ఎడ్లతోని దున్నిండు."

పద్దెనిమిది సంవత్సరాలు ఆమె ఆ మాట నాతో అనలేదు. మామగారు 1979లోనే కాలం చేశారు. ఆ రోజు వాచీ విప్పి పెట్టెలో పెట్టినవాణ్ణి, మళ్ళీ కట్టుకోలేదు.

అద్దం వెనుక చరిత్ర

నిరుడు మా మనుమడు ఆ పెట్టె తెరచి వాచీ బయటకు తీశాడు. నగరంలోని ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోతే, "అద్దం మార్చాలి, డయల్‌కు కొత్త రంగు వేయాలి, ముళ్ళు కూడా మార్చాలి" అని పెద్ద లెక్క చెప్పారు. అద్దం ఏ పదార్థమో కూడా వారు చూడలేదు. అది చూచి నాకే తెలుసుకోవాలనిపించింది.

మొదట వాచీలకు మామూలు గాజే ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల చేతి గడియారాల గాజు పగిలిపోతూ ఉంటే, పైన లోహపు జాలీ తొడిగేవారు. పగలని అద్దం కోసం సెల్యులాయిడ్ వాడి చూచారు, కాని అది కొంతకాలానికి పసుపు రంగు తిరిగేది. 1933లో జర్మనీలో అక్రిలిక్ పలకలు అమ్మకానికి వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకు వాడిన ఆ పదార్థమే వాచీలకూ వచ్చింది. మనవాళ్ళు అన్‌బ్రేకబుల్ గ్లాసు అన్నది దీనినే. అమెరికా నాసా సంస్థ 1965లో అంతరిక్షయానానికి ఆమోదించిన ఒమేగా వాచీకి కూడా ఈ అక్రిలిక్ అద్దమే. గాజు పగిలితే పెంకులు వ్యోమనౌకలో తేలుతూ ప్రమాదం తెస్తాయి, అక్రిలిక్ అట్లా ముక్కలు కాదు.

పగలదు కాని, త్వరగా గీతలు పడుతుంది. ఖనిజాల కాఠిన్యానికి 1812లో మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పది మెట్ల కొలత ఏర్పరచాడు. వజ్రానిది 10. మన ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రాయిది 7. మామూలు గాజు 5, 6 మధ్య ఉంటుంది. అక్రిలిక్ సుమారు 3. గోదావరి ఇసుక నా వాచీని గీయక ఏమి చేస్తుంది?

ఇప్పటి ఖరీదైన వాచీలకు ఉండేది కృత్రిమ నీలం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెర్నోయి అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలో కరిగించి రత్నాలు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. దాని కాఠిన్యం 9. ఇసుకకు లొంగదు. కాని గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది, గీత పడితే ఇంట్లో పోగొట్టడం సాధ్యం కాదు, మార్చవలసిందే.

ఉస్తాద్ పద్ధతి

హనుమకొండలో మాకు తెలిసిన ఒక పాత మెకానిక్ ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. హెచ్.ఎం.టి., హైదరాబాదు ఆల్విన్, తరువాత టైటాన్, అన్నీ ఆయన చేతిలో నడిచినవే. ఆల్విన్ వాచీలు ఏనాడో పోయాయి. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. ఉస్తాద్ మాత్రం ఇంకా బల్ల ముందు కూర్చుంటున్నాడు.

భూతద్దం కంటికి పెట్టుకుని చూచి, నన్నూ చూడమన్నాడు. అద్దం సరిగ్గా నడిమధ్యన ఆవగింజలో పదోవంతు ఉండే ఒమేగా గుర్తు ఉంది. ఆ కంపెనీ తన అక్రిలిక్ అద్దాల మీద వేసే గుర్తు అది. నేను పద్దెనిమిదేళ్ళు కట్టుకుని ఏనాడూ చూడలేదు.

"గ్లాసు మార్చుడెంతసేపు సార్! మారిస్తే గీ గుర్తున్న గ్లాసు మళ్ల ఎక్కడ దొరకాలె? రుద్దితే పోతది. ఓపిక కావాలె. మన వేయిస్తంభాల గుడి స్తంభాలల్ల మొహం కనపడతది గద, ఒక్క పూటల వచ్చిందా ఆ నునుపు?" అన్నాడు.

1163 నాటి ఆ గుడి స్తంభాలకు, నా వాచీకి పోలిక విని నవ్వు వచ్చింది కాని, మాట నిజమే. ఆయన చేసినది ఇది. ముందు అంచు లోహానికి టేపు అంటించాడు. తడిపిన నీటి ఎమరీ కాగితంతో, వెయ్యి నంబరుతో మొదలుపెట్టి, పదిహేను వందలు, రెండు వేలు, ఇట్లా నునుపైన వాటితో మెల్లగా రుద్దాడు. అద్దం మొత్తం పొగమంచు పట్టినట్లయింది. నా గుండె జారింది. తరువాత మెత్తని నూలుగుడ్డకు పాలిషు అద్ది, గుండ్రంగా రుద్దుతూ పోతే గంటలో మంచు విడిపోయి అంకెలు కనబడ్డాయి.

మిత్రులకు నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. సన్నని గీతలయితే పళ్ళ పేస్టు, మెత్తని గుడ్డ చాలు. యంత్రంతో వేగంగా రుద్దితే వేడికి అక్రిలిక్ మెత్తబడి చెడిపోతుంది. థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ద్రావకం దగ్గరకు రానీయరాదు. అద్దం ఏదో తెలియకుండా ఎమరీ పెట్టరాదు: గోటితో తట్టితే అక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది, తాకితే చల్లగా ఉండదు. గాజు, నీలం చల్లగా ఉండి టకటకమంటాయి.

పన్నెండు నుండి నాలుగు దాకా పోయిన లోతైన గీత మాత్రం సన్నగా మిగిలింది. "అదీ పోవాలంటే గ్లాసు మరీ పలచనైతది, వద్దు" అన్నాడు ఉస్తాద్.

ఇంటికి తెచ్చి నా భార్య చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరకు పోయి అటూ ఇటూ తిప్పి చూచి, "ఇంక ఒక గీత ఉన్నది" అన్నది.

"ఉండనీ" అన్నాను.

మామగారికి చెప్పుకోవలసిన మాట ఆయన ఉండగా చెప్పుకోలేకపోయాను. అందుకే పదిమంది చదివే ఈ సంచికలో చెప్పుకుంటున్నాను. మా మనుమనికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. వాచీ వానికే ఇస్తాను. అయితే ఎడ్ల సంగతి చెప్పి ఇస్తాను.