సిరి చిముక

శాతవాహన వంశకర్త శ్రీముఖుని విగ్రహం నానేఘాట్ గుహలో శిథిలమై, పైన పేరు మాత్రం మిగిలింది. ఆ పేరే బ్రాహ్మీలిపిలో “సిరి చిముక”గా నాణెములపై వెలువడినది మన జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసే కోటిలింగాల వద్ద. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మగారు ఏరి తెచ్చిన నాణెములను 1970వ దశకంలో పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి ప్రకటించారు.

నన్ను మాత్రం ఎక్కువగా ఆకర్షించేవి గోబద, నారన, కంవాయ, సమగోపుల నాణెములు. ఏ పురాణమూ ఈ రాజులను ఎరుగదు! గుప్పెడు రాగిబిళ్ళలే వీరి చరిత్ర.

తరువాతి తవ్వకాలలో ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. తవ్వినది కొంతే. ఇంతలో ఎల్లంపల్లి జలాశయం వచ్చింది. నీరు చేరకముందే ఆ దిబ్బలను పూర్తిగా తవ్వవలసిందని నా అభిప్రాయం. శిలాశాసనమైతే పెకలించి మ్యూజియంలో నిలబెట్టవచ్చు. మట్టిపొరలను ఎలా ఎత్తుతాం?